గేటుకు అడ్డంగా ఉన్న కారు గురించి

మేడమీద కొలువైన ఇంటి ఓనరు గారికి, కింది వాటాలో అద్దెకుండే డ్రైవరు గారి అబ్బాయి సవినయంగా రాసుకునేది.

మీ గేటుకు అడ్డంగా ఆగిపోయిన టాక్సీ మా నాన్నదే. ‘కరెంటు కారు కొనవయ్యా, పెట్రోలు ఖర్చు మిగులుతుంది, మన షెడ్డులో ప్లగ్గుంది’ అన్నది తమరే. ఆయన నమ్మి అప్పుచేసి కొన్నారు, ఆ ప్లగ్గుకు మీటరు కూడా సొంత డబ్బుతో పెట్టించారు. పోయిన నెల మీ అల్లుడుగారు కొత్త కరెంటు కారుతో దిగగానే ప్లగ్గు పెట్టెకి తాళం పడింది. అప్పట్నుంచి నాన్న ఊరవతల ఛార్జింగు స్టేషన్లో వరసలో కూర్చుని సగం బేరాలు పోగొట్టుకుంటున్నారు. కరెంటు కారు చవకేనండి, సొంత గోడ ఉన్నవాళ్లకి.

నిన్న రాత్రి ఆ స్టేషనూ పనిచెయ్యలేదు. తిరిగొస్తుంటే కారు ప్రాణం సరిగ్గా మీ గేటు దాకానే నిలిచింది.

‘తోసి పక్కన పెడదాంరా, పెద్దాయనకి ఇబ్బంది’ అన్నారు నాన్న. ఇంత జరిగినా మీ ఇబ్బందే ఆయనకి కనపడింది. నాకు ఒళ్లు మండింది. నేను తొయ్యను, ఆయన్నీ తొయ్యనివ్వను.

లోపల అల్లుడుగారు బయటికెళ్లాలని హారను కొడుతున్నారు, పాపం. పెట్టె తాళంచెవి తీసుకుని తమరు కిందికి దయచేస్తే చాలు. గేటు దగ్గరే ఉన్నాను. మా వైరు పొడుగ్గానే ఉంది.