రైట్ అనని గార్డు

డోర్నకల్,
జనవరి 20

అంగన్‌వాడీ టీచరు శైలజ గారికి,

మీ కేంద్రం గోడకు ఆనుకొని ఉన్న ఇంటి సారయ్య, రిటైర్డు రైల్వే గేట్‌మన్, నమస్కరించి రాయునది. పక్కపక్కనే ఉండి ఉత్తరమేమిటని అనుకోవద్దు. ముప్పై నాలుగేండ్ల నౌకరీలో నోటిమాట మీద నేను గేటు తీసింది లేదు. రాసిందుంటేనే జరిగినట్టు.

మీ పిల్లల రైలు రోజూ పదిన్నరకు మా గడప ముందు ఆగుతున్నది. పది నిమిషాలైనా కదలదు. పన్నెండు మంది ఒకరి అంగీ ఒకరు పట్టుకొని, పాట పాడుకుంట నిలబడతరు. ఆ స్టేషన్ల పాటలో కేసముద్రం దాటంగనే గార్ల వస్తున్నది. నడుమ మహబూబాబాద్ ఎటు పోయింది?

పైగా నా మనుమరాలు రూతును చిట్టచివర నిలబెట్టిండ్రు. మాటలు రాని పిల్లని ఆఖరుకు తోస్తరా? నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మూడున్నరేండ్లొచ్చినా 'పాలు', 'వద్దు' తప్ప మాట లేదు. చర్చిలో పాటలప్పుడు కూడా పెదవి కదపదు. జూన్‌లో దాన్ని భూపాలపల్లిలో వాళ్ల అమ్మానాయినల కాడికి పంపి బడిలో వెయ్యాలె. తన పేరు తాను చెప్తేనే సీటంట. నాకు నిద్ర పడతలేదు. నాలుగు అక్షరాలు నేర్పక గీ రైలాటలేంది?

ఇట్లు,
సారయ్య

తా.క.: ఉత్తరం అందినట్టు సంతకం చేసి ఆయమ్మ కమ్లీతో పంపగలరు.

---

జనవరి 21

సారయ్య బాపుకు శైలజ నమస్తే.

సంతకం పంపాను. రూతును ఎవరూ తోయలేదు బాపూ, తానే పోయి ఆఖర్న నిలబడింది. ఆఖర్న ఉండేది గార్డు కదా! గార్డు 'రైట్' అంటేనే మా రైలు కదులుతుంది. మీ గడపే మా స్టేషన్.

చప్పట్లు కొట్టడం, ఎగరడం, పాట ఆగినచోట ఆగడం, తన వంతు కోసం చూడడం, ఈ వయసులో చదువంటే ఇదే. పాటతో కాలూ చెయ్యీ కదిలితే మాట కూడా కదులుతుంది. పిల్ల చెవులూ నాలుకా మంచిగున్నాయని దవాఖానలో చెప్పారని మీరే అన్నారు. మరి పరేషాన్ ఎందుకు?

మీ
శైలజ

తా.క.: మహబూబాబాద్‌ను పాటలో పెట్టి చూశాం. పిల్లల్లో చాందీ ఆ పేరు సగంలోనే ఊపిరందక కూలబడింది. దాని పాత పేరు మానుకోట అని మార్చాం.

---

జనవరి 27

టీచరు గారికి,

రైట్ అనేటోడు బస్సు కండక్టరు. రైలు గార్డు పచ్చజెండా ఊపుతడు. మీది పాలకుర్తి దిక్కని కమ్లీ చెప్పింది. అక్కడ పట్టాలు లేవు, మీ తప్పు కాదు.

అందుకే ఈ పొద్దు నా పాత జెండా, విజిల్ రూతు చేతికిచ్చి పంపిన. అది జెండా ఊపింది, రైలు అర నిమిషంలో కదిలింది! కిటికీలకెళ్లి చూసి చప్పట్లు కొట్టిన. రూల్ ప్రకారం నడిస్తే గిట్ల ఉంటది.

ఇట్లు,
సారయ్య

తా.క.: థాంక్స్ చెప్పాలనుకుంటే రాసి పంపండి.

---

జనవరి 28

బాపూ,

జెండా వాపస్ పంపుతున్నాను. మా రైలుకు పనికిరాదు. ఏమీ అనుకోవద్దు. సూపర్‌వైజర్ మేడం వచ్చారు, వివరంగా తర్వాత రాస్తాను.

శైలజ

తా.క.: విజిల్ కనబడడం లేదు. మా పిల్లగాడు సేవ్యా మింగలేదని మాత్రం తేలింది.

---

జనవరి 28, మధ్యాహ్నం

టీచరు గారికి,

నా జెండా పనికిరాదా? దాన్ని చూసి ఎన్ని వేల బండ్లు పోయినయో నీకెరుకనా? ఒక్క డ్రైవరన్నా పనికిరాదన్నడా? మా పిల్ల చేతిలో జెండా ఉంటే మీకు కండ్లు కుట్టినయి, అంతే!

రేపు పదిన్నరకు వచ్చి రూతును తీసుకపోత. రిజిస్టరులో పేరు కొట్టెయ్యండి.

సారయ్య

తా.క.: విజిల్ సంగతి రాతపూర్వకంగా తేల్చగలరు.

---

జనవరి 28, సాయంత్రం

సారయ్య బాపుకు,

కోపం రావడంలో తప్పు లేదు, తొందరలో రాసిన తప్పు నాది. జెండా ఉంటే రూతుకు నోరు తెరిచే పని లేదు బాపూ. జెండా లేనన్నాళ్లూ రోజూ పెదవులు కదిపింది. మొన్నీమధ్య 'ర' దాకా వచ్చింది. నిన్న జెండా ఊపి మూతి ముడుచుకుంది.

మీ గడప ముందు ఆ పదకొండు మందీ నిలబడేది రూతు కోసమే. 'తొందరగా అను' అని ఒక్కరూ అనలేదు. ఆగమని నేను కూడా చెప్పలేదు, వాళ్లే ఆగారు.

తీసుకపోతే పోండి. ఒక్కసారి వాళ్ల నడుమ నిలబడి చూసి తీసుకపోండి.

శైలజ

తా.క.: విజిల్ పప్పు గిన్నెలో దొరికింది. ఉడికింది. అయినా మోగుతుంది.

---

జనవరి 29

గౌరవనీయులైన గార్డు రూతు గారికి,
(టీచరమ్మ చదివి వినిపించగలరు)

విషయం: సిగ్నల్ లేకుండ బండి కదిలించినందుకు సంజాయిషీ.

ఈ రోజు పదిన్నరకు మిమ్మల్ని తీసుకపోదామని వచ్చిన మాట నిజం. టీచరమ్మ నన్ను ఇంజను జాగాలో నిలబెట్టింది. పాటలో మానుకోట దాటింది, గార్ల దాటింది. పిల్లలందరూ ఆగిండ్రు. నా మోకాళ్లు గుంజుతున్నయి, మీరేమో నోరు తెరుస్తలేరు. ఓపిక పట్టలేక రెండడుగులు ముందుకేసిన.

అప్పుడు వెనక నుంచి మీ కేక వినబడ్డది. "తాతా, ఆగు! రైట్ అనలే!"

ఇంట్ల నుంచి మీ అవ్వ చేతిలో చాట వదిలేసి బయటికి ఉరికొచ్చింది. నేను ఆగిన. వెనక్కి తిరిగి చూడలే, కండ్లు తుడుచుకునే పనుండె. జర సేపటికి మీరు 'రైట్' అన్నరు. బండి పోయింది.

నౌకరీల ఉన్నన్ని రోజులు చెయ్యని తప్పు రిటైరయినంక చేసిన. మన్నించగలరు. పేరు కొట్టెయ్యమని రాసిన ఉత్తరం రద్దు. రద్దు కూడా రాసిస్తున్న. మహబూబాబాద్‌ను మానుకోట అన్నందుకు నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ ఇంజను
సారయ్య

తా.క. 1: టీచరమ్మకు మనవి. పొద్దుమీకింది, అన్నం ముందు కూసున్న. గార్డు గారు ఇంకా రైట్ అనలే, అందుకే ముద్ద ముట్టలే.

తా.క. 2: భూపాలపల్లి నుంచి మీ నాయిన ఫోన్ చేసి, 'నీ పేరేంది బిడ్డా' అంటే మీరు 'గార్డు' అన్నరు. జూన్‌లోపల 'రూతు' అనాలె. తొందరేం లేదు బిడ్డా. తాత ఆగుతడు.