రెండో దెబ్బ మీద చప్పట్లు

ఎడిసన్, న్యూజెర్సీ
ఆదివారం సాయంత్రం

ప్రియమైన పెద్దన్నయ్యకి,

ఇంతవరకు మనల్ని కాచిన దేవుని పేరట తమ్ముడు ఏసుపాదం వందనాలు. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ దగ్గు తగ్గిందా? క్లారినెట్ ఊదేవాడు దగ్గును చులకన చేయకూడదు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మంచు మోకాళ్ళ దాకా పడింది. కిరాణా స్టోర్‌లో బియ్యం బస్తాలు ఎత్తి ఎత్తి నడుం పట్టేసింది, అంతే. సునీత చేసే గోంగూర పచ్చడితో నాలుగు మెతుకులు తింటే అదీ సర్దుకుంటుంది. బెంగ పెట్టుకోకు.

సర్దుకోనిది నా కోపం ఒక్కటే. మొదట నా మీద, తరవాత మా సంఘ పెద్దల మీద.

మన తెలుగు సహవాసం ఆదివారం మధ్యాహ్నాలు నల్లజాతివారి చర్చి హాల్లో కూడుకుంటుందని రాశాను కదా. ఆ హాలు తాళాలు వాల్టర్ గారని ఎనభై దాటిన పెద్దాయన దగ్గర ఉంటాయి. పాట తాళం కూడా ఆయన దగ్గరే ఉందని నాకు అప్పటికి తెలియదు.

మూడు వారాల కిందట మా కుర్రకారు కొత్త పాటకు డ్రమ్స్ పెట్టి, నాలుగు దెబ్బల తాళంలో రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద చప్పట్లు కొట్టారు. మనం కొట్టేది మొదటి దెబ్బ మీద, మూడో దెబ్బ మీద కదా. ఆ రోజు ప్రసంగం వంతు నాది, నాకు ఒళ్ళు మండింది. "ఇవి రాక్ అండ్ రోల్ చప్పట్లు! సారాకొట్లో పుట్టిన తాళం, సాతాను తాళం! మొదటి దెబ్బే దేవునిది!" అని బల్ల గుద్ది ప్రసంగించాను. పిల్లలకు అర్థం కావాలని ఆ ముక్క ఇంగ్లీషులో కూడా అరిచాను. వెనక తలుపు దగ్గర నిలబడి వాల్టర్ గారు విన్నారు.

కుర్చీలు మడుస్తుంటే నా దగ్గరికొచ్చారు. "బ్రదర్, ఆ చప్పట్లు నేను ఈ హాల్లోనే, మా అమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నాను" అన్నారు.

కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. కూర్చోబెట్టి చెప్పారు. వాళ్ళ నాన్న శాక్సాఫోన్ వాయించేవాడట. మొదట పదహారు మంది స్వింగ్ బ్యాండు, పెద్ద పెద్ద డాన్సు హాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అంతమందిని పిలిచే హాళ్ళు పోయాయి, ఏడుగురు మిగిలారు. ఐదు శాక్సాఫోన్ల పని ఒక్కటే చేయాలి కనుక అది కేక వేయడం నేర్చింది. దాని మీద తన గొంతు వినబడాలని పాడేవాడూ కేక వేశాడు. డ్రమ్ము రెండో దెబ్బను, నాలుగో దెబ్బను గట్టిగా పట్టుకుంది. ఆ సంగీతాన్నే జంప్ బ్లూస్ అన్నారట. నీకు విడమరిచి చెప్పాలా అన్నయ్యా? డీజే పెట్టెలొచ్చాక మన బ్యాండు మేళం పద్దెనిమిది నుంచి ఆరుగురికి పడిపోతే, నలుగురి పాట నీ ఒక్క క్లారినెట్ మోయలేదూ?

"మరి రాక్ అండ్ రోల్?" అన్నాను.

"శాక్సాఫోన్ స్థానంలోకి గిటార్ వచ్చింది. మావాళ్ళూ వాయించారు, కానీ పోస్టర్ల మీద ముఖాల రంగు మారింది, తెల్లవాళ్ళవయ్యాయి. పేరు మార్చి, ఇప్పుడే పుట్టిందన్నారు. మా నాన్న రేడియోలో విని, ఇది మేం నిన్న వాయించిందే కదరా అని నవ్వాడు. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు."

బైబిల్లో మేకతోలు చేతులకు చుట్టుకొని, గుడ్డి తండ్రి దగ్గర అన్న దీవెన కాజేసిన తమ్ముడి గురించి నేనెన్నిసార్లు ప్రసంగించలేదు! అదే సంగతి ఎదురుగా వస్తే గుర్తుపట్టలేని గుడ్డివాణ్ని నేనయ్యాను. కాజేసినవాణ్ని వదిలేసి, పోగొట్టుకున్నవాడి ఇంట్లోనే నిలబడి అతణ్ని తిట్టాను.

సభలోనే మాట వెనక్కి తీసుకుంటానని మా ఎల్డర్ డేనియల్ గారికి చెప్పాను. ఈయన సాఫ్ట్‌వేర్ మేనేజరు.

"ఎందుకు బ్రదర్ ఇష్యూ చేస్తారు? ఆయనకి ప్రైవేట్‌గా సారీ చెప్పేయండి. అయినా వాళ్ళ మ్యూజిక్‌తో మనకేంటండీ సంబంధం?"

"వాళ్ళ కప్పు కింద కూర్చుని అడిగే మాటేనా ఇది?"

"మీకు థియాలజీ డిగ్రీ లేదు. హిస్టరీ డిగ్రీ అంతకన్నా లేదు."

"బైబిల్లో బూరలూది కోటగోడలు కూల్చినవాళ్ళకి ఏ డిగ్రీ ఉందండీ?" అని వచ్చేశాను.

అయినా పిరికితనం చూడు, వాల్టర్ గారి దగ్గరికి ఒంటరిగానే వెళ్ళాను. నోరు తెరవబోతే చేయి అడ్డం పెట్టారు. "తప్పు అంత గట్టిగా చెప్పావు. ఒప్పు నా చెవిలో గొణుగుతావా?"

ఇవాళ సభలో లేచాను. రెండో మాటకే మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో దేవుడికి తెలుసు, నాకూ తెలుసు. నా గొంతుకి మైకు ఎందుకు? నేను చెప్పింది అబద్ధమని, ఆ తాళం ఈ ఇంటిదని, ఇంటివాళ్ళు నన్ను క్షమించాలని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అరిచాను. ముందు వరుసలో కొందరు లేచి వెళ్ళిపోయారు. వాల్టర్ గారు తండ్రి శాక్సాఫోన్ తెచ్చి మన కీర్తన ఒకటి అందుకున్నారు. ప్రతి వారం తలుపు దగ్గర నిలబడి నేర్చుకున్నారట! పెద్దవాళ్ళు అలవాటుగా మొదటి దెబ్బ మీద, మూడో దెబ్బ మీద కొట్టారు, కుర్రకారు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద కొట్టారు. హాల్లో ఖాళీ దెబ్బ అంటూ మిగల్లేదు.

ప్రసంగీకుల లిస్టులోంచి నా పేరు తీసేశామని ఇందాకే మెసేజ్ వచ్చింది. సునీత ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు.

మన మేళం వాయిస్తుండగా ఫోన్‌లో రికార్డు చేసి పంపు, వాల్టర్ గారు వింటానన్నారు. అత్తయ్యకి, మావయ్యకి మా వందనాలు. నా కోపం చల్లారాలని మాత్రం ప్రార్థించకు అన్నయ్యా. అది ఇంకోసారి తప్పు లేని మనిషి మీద పడకూడదని ప్రార్థించు.

నీ దీవెన కోరే తమ్ముడు,
ఏసుపాదం