యాసిడ్ సీసాలో కుంకుడు రసం

ఇన్‌స్పెక్టర్ గారికి,

నా దగ్గర తలదాచుకున్న మనవరాలు స్తుతిని, సోమవారం ఉదయం ఎనిమిదింపావుకు ఆమె భర్త వసంతకుమార్ మా ఇంటికొచ్చి జుట్టు పట్టి ఈడ్చి, తల గోడకేసి రెండుసార్లు కొట్టాడు. స్నానాలగదిలోని యాసిడ్ సీసా తెచ్చి, "ఇంగ ఈ మొగంతో యాడికి పోతావో పో" అంటూ కళ్లలో పోశాడు. ఆమె అరుస్తుంటే నవ్వాడు.

ఆమె ముఖం కాలలేదు. గచ్చు కడగడానికి యాసిడ్ వద్దని, పోయిన నెల నేనే అది పారబోసి ఆ సీసాలో కుంకుడు రసం నింపాను. పైనున్న చీటీ మాత్రం తీయలేదు.

"కుంకుడు రసానికి కేసేందవ్వా? తలకు పోసినాడనుకో పో" అని మీ హెడ్ కానిస్టేబుల్ నన్ను పంపేశాడు.

అయ్యా, సీసాలో ఉన్నది కుంకుడు రసమని అప్పటికి నాకొక్కదానికే తెలుసు. అతను యాసిడ్ అనుకునే పోశాడు. ఆ మాటే రాసుకుని కేసు కట్టండి. నిన్న అతను కొత్త యాసిడ్ సీసా కొన్నాడని అంగడాయన చెప్పాడు.

ఇట్లు,
స్తుతి అవ్వ