జవాబివ్వని నాలుగో మనిషి

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా కుట్టు దుకాణం తప్ప. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పేశాడు. మేనత్త తన ఇల్లు నా పేర రాసి పోయింది కదా, ఆ ముందుగదిలో మిషన్లు పెట్టుకుందామనుకుంటే తాళం చెవి నీ దగ్గరుంది. విల్లు అమలు చేసే పని అత్త నీకే ఎందుకు అప్పగించిందో నాకు తెలుసు. పత్రికలో ఇన్నేళ్లు చేశావు, తప్పు రాయవని. త్వరగా రాస్తావని మాత్రం ఎవరూ అనలేదు.

ఇట్లు,
అక్క

తా.క.: ఓనరు అప్పుడే గది కొలుచుకుంటున్నాడు. నిన్న టేపు కూడా నన్నే అడిగాడు.

అక్కయ్యకు,

నమస్కారాలు. వాస్తవాలు ఇవి. ఇల్లు నీకే అయినా, విల్లులో వారసులం నలుగురం: అన్నయ్య, నువ్వు, పెద్దత్త కొడుకు బావ, నేను. లాయరు అందరికీ నోటీసులు పంపాడు. అభ్యంతరం లేదని అందరూ సంతకం పెట్టి పంపితేనే తాళం ఇవ్వాలి. ఒకరి జవాబు రాలేదని లాయరు గుమాస్తా అన్నాడు. పేరు చెప్పబోతే ఆపేశాను. తెలిస్తే ఆ మనిషి మీద నాకు కోపం వస్తుంది, విల్లు అమలు చేసే ఎగ్జిక్యూటరుకు కోపం ఉండకూడదు. నిష్పక్షపాతం గురించి గుమాస్తాకు వివరంగా చెప్పాను. వింటూ వింటూనే భోజనానికి లేచాడు.

నీ తమ్ముడు

తా.క.: జవాబివ్వని మనిషికి రిమైండరు పంపమన్నాను. నేనే రాసిచ్చాను. గుండె ఉన్నవాళ్లెవరూ తట్టుకోలేరు.

తమ్ముడికి,

నా సంతకం నోటీసు అందిన రోజే పంపాను. ఆ ఒక్కరెవరో నువ్వు చెప్పకపోతేనేం, నాకు తెలిసిపోయింది. అన్నయ్యే. ఇంటికెళ్లి అడిగేశాను. "నోటీసు వచ్చిన వారమే సంతకం పెట్టి పంపాను. నన్ను దొంగను చేస్తున్నావా?" అన్నాడు. "దొంగ అనలేదన్నయ్యా, బద్ధకస్థుడివన్నాను" అన్నాను. వదిన వంటింట్లోంచే, "మీ పుట్టింట్లో బద్ధకం ఒక్కరి సొత్తు కాదులే వదినా" అంది. కుట్టమని ఇచ్చిన బట్టలన్నీ ఆ సాయంత్రమే తిరిగి తెప్పించుకుంది.

ఇట్లు,
అక్క

తా.క.: వదిన జాకెట్టుకి ఒక చెయ్యే కుట్టాను. రెండోది నా దగ్గరే ఉంది. రాజీకి పనికొస్తుందని దాచాను.

అక్కయ్యకు,

నమస్కారాలు. నిర్ధారణ లేకుండా అన్నయ్యను అనడం తప్పు. ఆయన నాకు ఫోను చేసి, నువ్వన్న మాటలన్నీ అప్పజెప్పి, అవి నేనే నేర్పానన్నాడు. ఇరుపక్షాల వాదనా రాసుకుంటున్నానని చెప్పాను. ఫోను పెట్టేశాడు.

రిమైండరుకూ జవాబు లేదు. ఇంత మొండిఘటాన్ని నా వృత్తిలో చూడలేదు. రెండోది పంపించాను: "మీ ఒక్కరి నిర్లక్ష్యం వల్ల ఒక కష్టజీవి రోడ్డున పడుతోంది. అద్దంలో ముఖం ఎలా చూసుకుంటున్నారు?"

నీ తమ్ముడు

తా.క.: ఆ వాక్యం చదివి గుమాస్తా నావైపు అదోలా చూశాడు. రాతకున్న బలం అది.

తమ్ముడికి,

దుకాణం ఖాళీ చేశాను. మిషన్లు వంటింట్లో ఉన్నాయి. నీ మేనకోడలికి నిన్న కంచంలో గుండీ దొరికింది. బడివాళ్లు యూనిఫారాలు కుట్టే పని ఇస్తామన్నారు గానీ, దుకాణం కళ్లారా చూశాకే. సోమవారం వస్తారట. పొయ్యి పక్కన మిషను చూసి ఎవరిస్తారు? ఆ పని పోతే ఈ ఏడు గడవదు.

ఇక బావను కూడా అడిగేశాను. "నేనూ పంపాను. లాయరు దగ్గరే తేల్చుకుంటాను" అని అన్నయ్యను వెంటబెట్టుకుని మీ ఊరు బయలుదేరాడు. ఏళ్ల తరబడి మాటల్లేని వాళ్లిద్దరూ నీ పుణ్యమా అని ఒకే బస్సెక్కారు.

ఇట్లు,
అక్క

తా.క.: దారిలో తినడానికి ఇద్దరికీ కలిపి ఒకే పొట్లం కట్టాను. మాట్లాడుకోక తప్పదు.

అక్కయ్యకు,

నమస్కారాలు. అసలు వార్త మొదటి వాక్యంలోనే ఉండాలని నా కింద పనిచేసినవాళ్లందరికీ నేర్పాను. ఇవాళ మాత్రం ముందు వాతావరణం గురించి రాయాలనుంది. ఇక్కడ ఎండగా ఉంది.

జవాబివ్వని ఆ నాలుగో మనిషిని నేనే.

లాయరు ఆఫీసులో "పేరు చెప్పవయ్యా" అన్నాడు అన్నయ్య. అది పద్ధతి కాదని నేను అడ్డుపడ్డాను. గుమాస్తా పెన్నుతో నన్ను చూపించి, "ఈయనేనండీ. మొదటి రోజే చెప్పబోయాను, విననిచ్చారు కాదు" అన్నాడు.

నోటీసు ఇంటికి వచ్చింది. ఎగ్జిక్యూటరుకు పంపిన నకలు అనుకుని ఫైల్లో పెట్టాను. మొదటి రిమైండరు వచ్చింది. అందులో ఒక కామా సరిదిద్దాను. రెండోది నీ మరదలికి చదివి వినిపించి, "ఇది అందుకున్నవాడి ముఖం చూడాలి" అన్నాను. తను చూస్తూనే ఉంది.

"ఇన్నేళ్లూ పత్రికలో ఏం రాశావురా?" అన్నాడు బావ. అన్నయ్య గుమాస్తా చేతిలోని పెన్ను తీసి నాకిచ్చాడు. అదే ఎక్కువ తగిలింది. అక్కడే సంతకం పెట్టాను. తాళం చెవి నేనే తెస్తానన్నాను. అన్నయ్య చెయ్యి చాపాడు. ఇచ్చేశాను. సోమవారం బడివాళ్లు వచ్చేసరికి ముందుగది తెరిచి, తుడిచి, మిషన్లు సర్ది ఉంటాయని ఆయన మాట. నా మాట అడగొద్దు.

ఈ ఉత్తరమూ ఆయన చేతికే ఇస్తున్నాను. చదివి, నిజమేనని కింద సంతకం చేశాడు. బావ కూడా చేశాడు.

నీ తమ్ముడు

తా.క.: పని పూర్తయ్యాక, సహకరించిన వారసులందరికీ ఎగ్జిక్యూటరు కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం పంపాలట. మీ ముగ్గురివీ పోస్టు చేశాను. నాలుగోది నీ మరదలి చేతికిచ్చాను. ఆ నాలుగో మనిషి దొరికినప్పుడు ఇస్తానంది.