మోచేతికి లొంగే కుళాయి

అత్తయ్యగారూ, మీరు గుడికి వెళ్లగానే ప్లంబరు వచ్చి వంటింట్లో కుళాయి మార్చేశాడు, కంగారుపడకండి. కొత్తదాన్ని గట్టిగా పట్టుకుని తిప్పక్కర్లేదు. పిడి పైకెత్తితే నీళ్లొస్తాయి, ఎడమకి జరిపితే వేడినీళ్లు, కిందకి నొక్కితే ఆగిపోతాయి.

నిన్న మెయిన్ రోడ్డు కొట్లో పట్టు జారేలా చేతులకి కొబ్బరినూనె రాసుకుని, వేళ్లు ముడుచుకుని, ఉన్న కుళాయిలన్నీ మోచేత్తో ఎత్తి చూశాను. "ఏంటండీ, కుళాయితో కుస్తీ పడుతున్నారు?" అని కొట్టతను ఒకటే నవ్వు. మీ అబ్బాయి మాత్రం నేనెవరో తెలియనట్టు బయట నిలబడ్డారు.

మీరు రోజూ పాత కుళాయికి గుడ్డ చుట్టి తిప్పుతుంటే, తుడుస్తున్నారనుకున్నానండీ ఇన్నాళ్లూ! మా అత్తగారికి ఎంత శుభ్రమో అని అందరికీ గొప్పగా చెప్పాను కూడా. వేళ్లు పట్టేస్తున్నాయని నాతో ఒక్క మాట అనకూడదా? ఆ కోపం ఇంకా ఉంది.

స్కూలుకి టైమైపోయింది. పప్పు ఉడికించాను, పోపు మీరే పెట్టుకోండి.

దుర్గాశ్రీ

అన్నట్టు, గోరింటాకు రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాను. కుళాయి తిప్పుకోవాలని ఏటా ఆషాఢంలో ఒక్క చేతికే పెట్టించుకుంటారు. ఈ సాయంత్రం రెండు చేతులూ నాకివ్వాలి.