మోటబావి దగ్గర దోసిలి

ఎల్లమ్మక్కకు,

నర్సింహ రాస్తున్నాను. నీకూ బావకూ నా దండాలు. పిల్లలందరూ బాగున్నారనుకుంటున్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అచ్చంపేట దవాఖానలో ఇచ్చిన గోళీలు అయిపోతే మళ్లీ తెచ్చుకో, ఊరికే ఓర్చుకోకు. నేను బాగానే ఉన్నాను. నా గురించి ఫికరు పెట్టుకోకు.

రామన్నపేట దగ్గరి ఈ తోటకు వచ్చినప్పటి నుంచి ఫోన్లో "బాగున్న, తిన్న" అని తప్ప నీకు ఇంకేమీ చెప్పలేదు. నాకు మాట తొందరగా రాదని నీకు తెలుసు. రాస్తే కొంచెం నయం. పైగా నిన్ను ఒకటి అడగాలి. నువ్వు నిదానంగా ఆలోచించి చెప్పాల్సిన సంగతి అది.

అమ్మ కూలికి పోయిన దొర బత్తాయి తోటే ఇది. నాయిన మనల్ని తీసుకుని అచ్చంపేట వైపు వచ్చేనాటికి నేను చంకలో పిల్లవాణ్ణి. నాకేమీ గుర్తు లేదు. దొర మనవలు పట్నంలో స్థిరపడ్డారు. తుమ్మచెట్లు మొలిచి పాడుబడ్డ జాగాను పట్నం వాళ్లు కొందరూ, ఊరి వాళ్లు కొందరూ కలిసి బాగుచేస్తున్నారు. వాళ్లకు జీతం లేదు. సెలవు రోజుల్లో వచ్చి కంప కొడతారు, గోడలకు సున్నం వేస్తారు, జొన్నలు విత్తుతారు. వెనకటి సేద్యం ఎట్లా ఉండేదో చూడవచ్చిన జనానికి తిప్పి చూపిస్తారు. జీతం నా ఒక్కడికే. తోట కావలి, చెట్లకు నీళ్లు, రోజు ఖర్చులు రాయడం నా పని.

ఉండేది పాత ధాన్యం కొట్టులో. బయట ఎండ మండుతున్నా గోడలు మందం కాబట్టి లోపల చల్లగానే ఉంటుంది. వండుకుంటున్నాను. ఒక్కడికి కూర వండడం ఇంకా చేతకాలేదు, పొద్దున వండింది మర్నాటిదాకా వస్తుంది. పనిదినాల్లో ఇక్కడికి ఎవరూ రారు. కోతుల్ని తిట్టడానికి తప్ప నోరు తెరవని రోజులు కూడా ఉంటాయి. అయినా బాగానే ఉంది, అలవాటవుతోంది.

తోట బాగుచేసేవాళ్లందరికీ పెద్ద సరోజ టీచరమ్మ. నకిరేకల్‌లో పంతులమ్మగా చేసి రిటైరైంది. మంచి మనిషి, నా పక్కనే కూర్చుని తింటుంది. మోటబావి పూడిక తీసి, గట్టు మీద గద్దె రాళ్లు సరిచేశాక ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. వెనకట ఈ బావి దగ్గర కూలివాళ్లకు దోసిట్లో నీళ్లు పోసేవారని ఊళ్లో ఎవరో చెప్పారట. చూడవచ్చిన వాళ్లకూ అట్లాగే గద్దె మీద కుండ పెట్టి, చెంబుతో దోసిట్లో పోసి మర్యాద చేద్దామంది. అందరికీ నచ్చింది. పోసే పని నాకిచ్చారు. నాకూ అందులో తప్పు కనిపించలేదు. జనం ముచ్చటపడి ఫోటోలు దిగేవారు.

మొన్న ఆదివారం ఊళ్లో నుంచి లచ్చమ్మ అనే ముసలామె మనవరాలితో వచ్చింది. నేను చెంబు ముంచేసరికి ఆమె గద్దె దగ్గరికి రాకుండా గట్టు మెట్లు రెండు కిందికి దిగి నిలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నడుం వంచి దోసిలి పట్టింది. అంతకుముందు వచ్చినవాళ్లు ఎవరూ అట్లా పట్టలేదు.

"అవ్వా, గంత దూరం పోతే ఫోటోల ఎట్ల పడ్తవ్?" అని మనవరాలు నవ్వింది.

"పైకి రా అవ్వా, ఎండల నిలబడ్డవేంది?" అంది టీచరమ్మ.

"మా వాడోళ్లం పైకి రావద్దు బిడ్డా. కుండ మీద మా నీడ పడొద్దు," అంది లచ్చమ్మ. అని తనే నవ్వింది. "గా దొర సచ్చి ఎన్నేండ్లాయె. నా కాళ్లకింక ఎరుకైతలేదు."

నేను దిగిపోయి చెంబు ఆమె చేతికే ఇచ్చాను. రెండు చేతులా పట్టుకుంది. తర్వాత మెట్టు మీద కూర్చుని తాగింది. నా ముఖంలోకి చూసి, "నువ్వెవలి పిలగానివి?" అని అడిగింది. పోచమ్మ కొడుకునని చెప్పాను.

"పోచమ్మ కొడుకువా? మీయమ్మ గీడ్నే దూపకు సొమ్మసిల్లి పడ్డది. నీళ్లు పోసేటోడు బువ్వకు పోయిండు. కుండ నిండుగున్నది, మేం ముట్టనీకి లేదు. మీయక్క గింత పిల్ల, ఉరికి పోయి కుండల చెంబు ముంచింది. ఏం కొట్టిండ్రు బిడ్డా గా పిల్లను. తెల్లారి మీ నాయిన మీయమ్మను, మిమ్ముల తోలుకొని ఊరిడిసి పోయిండు."

అక్కా, మనం ఆ ఊరు ఎందుకు విడిచామని ఎప్పుడు అడిగినా, పని దొరకలేదని చెప్పావు. ఇన్నేళ్లూ ఎందుకు దాచావని ఇప్పుడు అడగను.

దోసిట్లో పోయడం ఆ పూటే ఆపేశాం. కుండ పక్కన గ్లాసులు పెట్టాం, ఎవరికి వారే ముంచుకుని తాగుతున్నారు. సాయంత్రం టీచరమ్మ నా దగ్గరికి వచ్చి, "నర్సింహా, గీ సంగతి చెప్పకుంట బావిని చూపిస్తే అబద్ధమైతది. కాని చెప్పాల్నా వద్దా అన్నది మీయక్క ఇష్టం," అంది. పేరు లేకుండా చెబుదామని పట్నం పిల్లలు అన్నారు. నేను వద్దన్నాను. ఎవరో ఒక పిల్ల అని చెబితే విన్నవాళ్లు అయ్యో అనుకుని బత్తాయిలు కొనుక్కుని పోతారు. చెబితే ఎల్లమ్మ అనే చెప్పాలి, నా అక్క అని చెప్పాలి. లేదంటే అసలు చెప్పొద్దు.

నువ్వు వద్దంటే ఇక్కడ ఎవరూ నోరెత్తరు, నాది పూచీ. చెప్పమంటే వచ్చినవాళ్ల ముందు నేనే నిలబడి చెబుతాను. నాకు మాట రాకపోయినా చెబుతాను. బావతో, పిల్లలతో మాట్లాడి చూడు. వాళ్లకు తెలియడమే నీకు ఇష్టం లేకపోతే ఈ కాగితం చించెయ్యి.

ఎవరైనా ఇటు వస్తే కొంచెం చింతకాయ తొక్కు పంపు. బావను ఎండలో తిరగొద్దని చెప్పు. పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు.

ఇంకొక్కటి అడుగుతున్నాను, మిగతాది ఏమనుకున్నా దీనికి మాత్రం జవాబు చెప్పు. ఆ రోజు నువ్వు ముంచుకొచ్చిన నీళ్లు అమ్మ తాగిందా, వాళ్లు మధ్యలోనే పారబోశారా? లచ్చమ్మకు అది గుర్తు లేదట.

నీ దీవెన కోరుతూ,
నీ తమ్ముడు
నర్సింహ