చప్పిడి పులుసు

వదినగారూ,

మీరు చేపల మార్కెట్టు నుంచి వచ్చేసరికి నేను రెండు రోజులకని పుట్టింటికి, మంగళగిరి బస్సెక్కి ఉంటాను. మీ తమ్ముడి పులుసులో ఉప్పు చిటికెడే వేయండి. "ఈ చప్పిడి కూడు తినడానికేనా అక్కా, గుండెపోటు నుంచి బయటపడింది?" అంటారు. కరిగిపోకండి.

రక్తంలో కొవ్వు తగ్గడానికి మాంసం మాని చేపలు పెట్టమని డాక్టరుగారు అంటే, మీరు కొల్లేరు నుంచి బుట్టెడు ఉప్పుచేపలు మోసుకొచ్చారు. ఆ ఉప్పుకు ఆయన కాళ్లు వాచాయి, మూత్రపిండాలకు ముప్పన్నారు. మీరు వెంటనే బుట్ట వెనక్కి పంపి, రోజూ తాజా చేప తెచ్చి వండారు. నిన్నటి పరీక్షలో మూత్రపిండాలు తేరుకున్నాయట. అంతా మీ చలవే.

మాణిక్యం

మీరు తోక ముక్కలతో సరిపెట్టుకోవడం చూస్తూనే ఉన్నాను. ఈ పూట నడిమి ముక్క ముందు మీ కంచంలో వేసుకోండి.